ఏడుపు గదిలో అత్త గొంతు

"నిద్రపోయింది అన్నారా లేదా? ముందు అది చెప్పండి."

"అన్నాను."

"జ్వరం దిగింది, చెయ్యి చల్లబడింది అని కూడా అన్నారు."

"అన్నాను అన్నయ్యా."

"అన్నయ్యా గిన్నయ్యా వద్దు. అడిగినదానికి జవాబు చెప్పండి. ఆ బొమ్మలో ఆ ముసలావిడ అప్పటికి బతికి ఉందా, పోయిందా?"

టికెట్ల గదికీ వరండాకీ మధ్య ఉన్నది గోడ కాదు, పాత పోస్టరు అట్టలు మేకులు కొట్టి నిలబెట్టిన అడ్డం. లోపల చీమ చిటుక్కుమన్నా బయటికి వినబడుతుంది. వరండాలో మైకు తీగ చుట్టుకుంటున్న సగం ఇంజనీరు చెయ్యి ఎనిమిదో చుట్టు దగ్గర ఆగిపోయింది.

లోపల టికెట్ల డ్రాయరు లాగిన చప్పుడు. మళ్ళీ మూసిన చప్పుడు. ఏం చెయ్యాలో తోచనప్పుడు అత్త చేసే పని అదొక్కటే.

"పోయింది," అంది చివరికి.

మాస్టారు గొంతు పెంచలేదు. సగం ఇంజనీరుకి భయం వేసింది అందుకే. పన్నెండేళ్ళుగా ఆవిడని 'చెల్లెమ్మా, నువ్వు' అని తప్ప పిలిచి ఎరగని మనిషి. ఇవాళ బ్యాంకు కిటికీ దగ్గర నిలబడినట్టు 'మీరు, చెప్పండి' అంటున్నారు. దానికంటే నాలుగు తిట్టినా బాగుండును.

సగం ఇంజనీరు అన్నది అత్త పెట్టిన పేరే. మూడో ఏడాదిలో కాలేజీకి ఒక దండం పెట్టి వచ్చేసినవాడికి అంతకంటే సరిపోయే పేరు లేదని ఆవిడ వాదన. "పూర్తిగా చదివినవాళ్ళు కట్టిన వంతెనలే కూలుతున్నాయి. నువ్వు కడితే సగమే కూలుతుంది, దిగులు పడకు" అని ఓదార్చింది కూడా. ఇంట్లో నాన్న అతనికి ఏమైనా చెప్పాలంటే అమ్మ వైపు తిరిగి చెప్పేవాడు. ఆ ఇంట్లో ఉండలేక నాలుగేళ్ళ కిందట ఈ హాల్లో జరిగే వర్క్‌షాపుకి వచ్చాడు. నేర్చుకోవడానికి వచ్చి, నేర్పేవాడు మానేస్తే అతని కుర్చీలో కూర్చున్నాడు. కూర్చున్నవాడు లేవలేదు.

ఆ హాలు ఒకప్పుడు అట్టపెట్టెల గోడౌను. డెబ్భై రెండు సీట్లు. అవి కూడా ఎక్కడో మూతబడ్డ పెద్ద హాలు నుంచి లారీలో తెచ్చి బిగించినవి. అందుకే మొదటి వరుసే 'జె'. కొత్తగా వచ్చినవాడు 'ఎ' వరుస కోసం తెర వెనక్కి కూడా వెళ్ళి చూసి వస్తాడు. పెద్ద హీరోల బొమ్మలు ఇక్కడ ఆడవు. ఎక్కడెక్కడి దేశాలవో, కింద అక్షరాలు పడే సినిమాలు ఆడతాయి. నెలకో ఆదివారం పొద్దున పదింటికి పేట జనానికి ఊరికే ఒక ఆట, ఆట అయ్యాక కూర్చుని మాట్లాడుకోవడం. శనివారం కుర్రకారుకి వర్క్‌షాపు. కెమెరా పట్టడం, శబ్దం వినడం, అతికించడం నేర్పుతారు.

హాలు వెనక గోడకి ఒక అద్దాల గది ఉంది. గుక్కపెట్టే పసిపిల్లల్ని ఎత్తుకుని తల్లులు కూర్చోవడానికి కట్టారు. పేరు ఏడుపు గది. కింద అక్షరాలు పడే సినిమాలకి పసిపిల్లల్ని వేసుకుని వచ్చే తల్లులెవరూ లేరు కాబట్టి ఏళ్ళ తరబడి చీపుళ్ళు, బకెట్లు పెట్టుకునేవాళ్ళు. ఇప్పుడు అందులో ఒక మైకు, ఒక చిన్న స్పీకరు, కేను అల్లిన స్టూలు ఉన్నాయి. ఆ స్టూలు మీద కూర్చుని అత్త చూపులేని వాళ్ళకి సినిమా చెబుతుంది. చివరి వరుసలో తొమ్మిది సీట్లకి తొమ్మిది హెడ్‌ఫోన్లు. ఆవిడ మాట వాళ్ళ చెవుల్లోకి తప్ప ఇంకెక్కడికీ పోదు. పక్కన కూర్చుని మీటలు చూసుకునే సగం ఇంజనీరుకి మాత్రం అన్నీ వినబడతాయి.

ఆ గొంతు ఇంక అయిదు రోజులు ఉంటుంది. గురువారం ఆపరేషన్. గొంతులో లేచినదాన్ని తియ్యాలంటే మాట పుట్టే పెట్టె మొత్తం తియ్యాలన్నారు డాక్టర్లు. మెడకి ముందు ఒక కన్నం పెడతారు, ఊపిరి అక్కడినుంచి ఆడుతుంది. "మాట?" అని అత్త అడిగితే డాక్టరు రిపోర్టు వైపు చూశాడు. ఆ రోజు స్కూటరు మీద వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది సగం ఇంజనీరే. ఇంకెవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుంది. రేపటి ఆదివారం ఆవిడ చెప్పే ఆఖరి ఆట అన్న సంగతి అతనికీ ఆవిడకీ తప్ప ఎవరికీ తెలియదు. లోపల నిలబడ్డ మాస్టారికి అసలే తెలియదు.

ఇదంతా మొదలైంది ఆ మధ్యాహ్నమే, అతని చేతి మీదుగా.

వర్క్‌షాపులో ఆ వారం పాఠం శబ్దం. తెర మీద నల్లగుడ్డ కప్పి, ఒక సినిమాలో ఆఖరి పది నిమిషాలు వినిపించి, ఏం జరుగుతోందో పిల్లలు చెప్పాలి. నిరుడు వానాకాలంలో ఆడిన ఒక సినిమా తీసుకున్నాడు. ఒక తల్లి, మంచం పక్కన కూతురు, మాటలు లేవు. గోడ గడియారం, బయట వాన, తల్లి ఊపిరి. ఒక ఊపిరి, తరవాత చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒకటి, ఈసారి ఇంకా ఎక్కువసేపు ఏమీ లేదు. తరవాత గడియారం ఒక్కటే.

"ఏం జరిగింది?" అన్నాడు.

పళ్ళకి తీగ కట్టించుకున్న పిల్ల చెయ్యెత్తింది. "ఊపిరి ఆగిపోయింది సార్. ఆవిడ చచ్చిపోయింది."

"వెరీ గుడ్," అన్నాడు.

వెనక ఏడుపు గది గుమ్మంలో ఏదో దబ్బున పడింది. స్టూలు అల్లిక వదులైందని బాగుచెయ్యడానికి వచ్చిన మాస్టారి చేతిలోంచి కేను కట్ట జారిపోయింది. ముప్ఫై ఏళ్ళు అంధుల బడిలో కుర్చీలు అల్లడం నేర్పిన చేతులవి. ఆ చేతుల్లోంచి ఏదైనా జారడం హాల్లో ఎవరూ అంతవరకు చూడలేదు. పిల్లలు ఏరి ఇవ్వబోతే, "అలా ఉండనివ్వండమ్మా" అని, గోడ తడుముకుంటూ తిన్నగా టికెట్ల గదికి నడిచారు.

లోపల ఇప్పుడు ఆయనే మాట్లాడుతున్నారు.

"ఆ బొమ్మ చూసిన నాలుగు నెలలకి మా ఆవిణ్ణి ఆస్పత్రిలో వేశాం. మీకు తెలుసు, మీరూ చూడ్డానికి వచ్చారు."

"వచ్చాను."

"ఆ రోజు మధ్యాహ్నం రెండయింది. నర్సులు భోజనాలకి పోయారు. మంచం చుట్టూ తెర లాగి ఉంది. నేను దాని చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. ఊపిరి తేడాగా వస్తోంది. ఒకటి వచ్చి ఆగుతోంది. మళ్ళీ ఒకటి. నేనేమనుకున్నానో చెప్పమంటారా? ఇది నాకు తెలిసిన చప్పుడే అనుకున్నాను. ఎక్కడ విన్నానా అని వెతుక్కున్నాను కూడా. దొరికింది. హమ్మయ్య, నిద్ర పడుతోంది అనుకున్నాను."

డ్రాయరు చప్పుడు లేదు.

"తరవాత ఊపిరి వినబడలేదు. బాగా పట్టింది నిద్ర అనుకున్నాను. కాసేపటికి చెయ్యి చల్లబడింది. జ్వరం దిగింది అనుకున్నాను. పదకొండు రోజుల జ్వరం అది. ఎంత సంతోషించానో తెలుసా? పిలిస్తే లేస్తుందేమో అని నోరు మూసుకుని కూర్చున్నాను. రెండు గంటలు. దగ్గొస్తే కూడా ఆపుకున్నాను. నాలుగింటికి నర్సు వచ్చి, 'ఎంతసేపయింది పెద్దాయనా?' అంది. 'ఇప్పుడే, రెండింటికి పడుకుంది' అన్నాను."

సగం ఇంజనీరు తీగ చుట్టని చప్పుడు కాకుండా కాళ్ళ దగ్గర నేల మీద పెట్టాడు.

"నలభై ఒక్క ఏళ్ళు పేపరు చదివి పెట్టింది నాకు. ఒక్క మాట చెప్పి పంపించాల్సింది కదా. పక్కనే ఉన్నాను. నోరుంది. చెయ్యి పట్టుకునే ఉన్నాను," అన్నారు మాస్టారు. "అందరూ ఏమన్నారు? పాపం చూపు లేదు, తెలుసుకోలేకపోయాడు అన్నారు. నేనూ అదే అనుకున్నాను ఈ ఎనిమిది నెలలూ. చూపు లేకపోవడం వల్ల కాదండీ. ఆ చప్పుడు ఏమిటో మీరు నాకు తప్పు నేర్పారు."

అత్త ఏదో అనబోయింది. గొంతు పట్టేసి దగ్గు వచ్చింది. ఈమధ్య ఆవిడ దగ్గు రంపం కోతలా ఉంటోంది.

"మేమేమన్నా పాలు తాగే పిల్లలమా? చావు చెబితే ఝడుసుకుంటామా? కళ్ళు ఎలాగూ లేవు. చెవులు మీ చేతికిచ్చాం," అని మాస్టారు బయటికొచ్చారు.

తప్పుకోబోయిన సగం ఇంజనీరు కాలికి తీగ తగులుకుంది. ఆ చప్పుడుకి ఆయన ఆగారు.

"నువ్వేనా? నీకూ తెలుసు కదరా."

"తెలుసు మాస్టారూ."

తెలియకపోవడమేమిటి? తెలిసి నవ్వుకున్నాడు. అత్త సినిమాల్లో చావు ఉండదని హాలు ఓనరుకి జోకుగా కూడా చెప్పాడు. ఉరి వేసుకున్నవాడు అత్త నోట్లో పడితే ఊరెళ్ళిపోతాడు. కాల్చేస్తే కాలికి తగులుతుంది. ఆట అవ్వగానే తొమ్మిదిమందినీ పక్క తలుపులోంచి పెరట్లో బెంచీ దగ్గరికి టీకి తోలుకుపోతుంది. లోపల చూపున్నవాళ్ళు చావు గురించి మాట్లాడుకుంటూ ఉంటే, బయట వీళ్ళు ఊరెళ్ళినవాడు మళ్ళీ ఎప్పుడొస్తాడా అని మాట్లాడుకునేవాళ్ళు. అతనికి అదొక వేళాకోళం.

మాస్టారు కర్రతో మెట్టు కొట్టి చూసుకుని దిగిపోయారు.

అత్త పుట్టుకతో అబద్ధాలకోరు కాదు. పేటలో అందరికీ అత్తే. ఆవిడకంటే పదేళ్ళు పెద్దవాడైన ఓనరు కూడా అత్తా అనే పిలుస్తాడు. సొంత మేనల్లుడు ఒక్కడూ లేని మనిషికి పేటంతా అల్లుళ్ళే. ముప్ఫై మూడేళ్ళ వయసులో ఈ హాలు ఊడ్చే పనికి వచ్చింది. అప్పటికి ఆరు నెలల ముందు ఆవిడ భర్త పనిచేసే బ్యాటరీల ఫ్యాక్టరీలో తొట్టె పగిలి యాసిడ్ మొహాన పడింది. మనిషి బతికాడు, కళ్ళు పోయాయి. ఇంట్లో గోడ వైపు మొహం పెట్టి కూర్చునేవాడు. పెళ్ళాం తిండి పెడితే తినేవాడు, పెట్టకపోతే అడిగేవాడు కాదు. ఒకరోజు ఆవిడ పనినుంచి వచ్చేసరికి స్నానాల గదిలో అటక మీద చేత్తో తడుముతున్నాడు. డబ్బాలు ఒక్కొక్కటే మూత తీసి వాసన చూస్తున్నాడు. దొడ్డి కడిగే యాసిడ్ సీసా కోసం. కళ్ళు తీసుకున్నది ఏదో దాన్నే మిగతాది కూడా తీసుకోమంటున్నాడన్నమాట.

ఆ మర్నాటినుంచి అతన్ని ఇంట్లో వదలలేదు. చెయ్యి పట్టుకుని హాలుకి తెచ్చి చివరి వరుసలో కూర్చోబెట్టి ఊడ్చేది. ఆట మొదలయ్యాక చీపురు పక్కన పెట్టి, అతని చెవిలో సినిమా చెప్పేది. చెప్పడం ఎవరూ నేర్పలేదు. మొదట్లో తెర మీద మనిషి మాట్లాడుతుంటే ఈవిడా మాట్లాడేసేది, ముందు వరుసలవాళ్ళు ఉష్ అనేవాళ్ళు. తరవాత తరవాత కిటుకు పట్టుకుంది. "మాటకీ మాటకీ మధ్య సందు ఉంటుంది. కదిలే బస్సెక్కినట్టు ఎక్కెయ్యాలి, ఆపే చోట దిగిపోవాలి," అని సగం ఇంజనీరుకి చెప్పేది.

నాలుగో వారమో అయిదో వారమో వచ్చిన సినిమాలో ఒకడు చివర వంతెన మీదికెళ్ళి రెయిలింగు ఎక్కాడు. "ఏం చేస్తున్నాడు?" అన్నాడు భర్త. అతను మనిషి పోయాక మొదటిసారి నోరు విప్పి అడిగిన ప్రశ్న అది. పోయాక అంటే, కళ్ళు పోయాక. అత్త లెక్కలో రెండూ ఒకటే. ఆవిడ తెర చూసింది, అతని మొహం చూసింది. "వంతెన దాటి అవతలికి వెళ్ళాడు," అంది.

"అవతల ఏముంది?"

"ఇళ్ళున్నాయి. ఏవో దీపాలు కనబడుతున్నాయి."

భర్త తల ఆడించాడు. ఇంటికెళ్ళాక, ఇంకో ముద్ద వెయ్యమన్నాడు.

ఆ తరవాత అతను పదిహేడేళ్ళు బతికాడు, జబ్బు చేసి పోయాడు. ఆ దీపాలవల్లే బతికాడని అత్త నమ్మకం. కాదని చెప్పగలిగినవాడు ఎవడూ లేడు, అవునని చెప్పగలిగినవాడూ లేడు.

అతను పోయిన నెలకి అత్త మళ్ళీ వచ్చి టికెట్ల కిటికీ తెరిచింది. ఆదివారం చివరి వరుస వైపు వెళ్ళలేదు. ఆ వరుసలో ఏడాదిగా వీళ్ళ పక్కనే కూర్చుని, భర్త చెవిలో పడగా మిగిలిన ముక్కలు ఏరుకుని వింటూ వచ్చిన మాస్టారు, ఆట అయ్యాక తడుముకుంటూ కిటికీ దగ్గరికొచ్చారు. "చెల్లెమ్మా, మీ ఆయన సీటు ఖాళీగా ఉంది, నా చెవులు కూడా ఖాళీగానే ఉన్నాయి. ఇకనుంచి నాకు చెప్పు," అన్నారు. అలా మళ్ళీ మొదలైంది. మాస్టారు ఇద్దరిని తెచ్చారు, ఆ ఇద్దరు నలుగురిని. చెవిలో గుసగుసలు చాలకపోతే ఓనరు హెడ్‌ఫోన్లు తెచ్చి ఏడుపు గది ఖాళీ చేయించాడు. తొమ్మిదో క్లాసుతో చదువు ఆపేసిన మనిషి ప్రతి సినిమా ఆదివారం లోపు మూడుసార్లు చూసేది. రూళ్ళ పుస్తకంలో రాసుకునేది: 'తలుపు చప్పుడు, వచ్చింది వాళ్ళ అన్న అని ముందే చెప్పాలి.' 'ఇక్కడ ఊరుకోవాలి, పాట బాగుంది.' ఆ పుస్తకాల్లో చావు దగ్గర మాత్రం ఏమీ రాసి ఉండదు. అక్కడ గీత గీసి ఉంటుంది.

శనివారం సాయంత్రం సగం ఇంజనీరు టికెట్ల గదిలోకి వెళ్ళేసరికి అత్త డ్రాయరు ఎదురుగా అలాగే కూర్చుని ఉంది.

"మామయ్యకి చెప్పావు, సరే. మాస్టారికెందుకు చెప్పావు?" అని అడిగాడు. అతనికి మెత్తగా అడగడం రాదు.

"అప్పటికే ఆ మాట దగ్గర నోరు తిరగడం మానేసిందిరా. పదిహేడేళ్ళు ఒకే దారిన పోయిన ఎద్దుని ఇంకో వీధిలోకి తోలితే పోతుందా?"

"ఆపరేషన్ సంగతి మాస్టారికి చెప్పనా?"

అత్త లేచి అతని దగ్గరికి వచ్చింది. "చెప్పావో చెప్పు తీసుకుంటాను. జాలిపడి క్షమించాలా ఆయన నన్ను? ఆ ముష్టి నాకొద్దు."

మర్నాడు ఏడుగురు వచ్చారు. మాస్టారు కూడా వచ్చారు. రాకపోతే సగం ఇంజనీరుకి తేలిగ్గా ఉండేది. ఎప్పటి సీట్లోనే కూర్చున్నారు. హెడ్‌ఫోను తీసుకుని, పెట్టుకోకుండా సీటు చేతికి తగిలించి, చేతులు కట్టుకున్నారు. రెండు గంటలు అలాగే, తెలియని భాషలో సినిమా వింటూ కూర్చున్నారు. అద్దం వెనకనుంచి అత్తకి ఆయన ఖాళీ చెవులు కనబడుతూనే ఉన్నాయి.

అది బావులు తవ్వే తండ్రీ కొడుకుల సినిమా. ఆఖర్న కొడుకు లోపలుండగా బావి కూలుతుంది. ఆ తరవాత తొమ్మిది నిమిషాలు మాట లేదు. అత్త రూళ్ళ పుస్తకంలో అక్కడ గీత ఉంది. ఆ గీత చూసి సగం ఇంజనీరు అరచేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

ఆవిడ గొంతు అప్పటికే చితికిపోయింది. ఒక్కో మాటా గరిటెతో అడుగు గీకినట్టు వస్తోంది. "తండ్రి తాడు లాగుతున్నాడు," అంది. నీళ్ళు ఒక గుక్క మింగింది. "తాడు పైకి వచ్చింది. ఖాళీగా వచ్చింది." అద్దంలోంచి మాస్టారి వైపు చూసింది. "తండ్రి తాడు కొస పట్టుకుని చూస్తున్నాడు. కొడుకు చచ్చిపోయాడు. మట్టి కింద చచ్చిపోయాడు." మళ్ళీ అంది, "చచ్చిపోయాడు." ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ మైకులోకి గాని, ఏ చెవిలోకి గాని ఆవిడ ఆ మాట అనడం అదే మొదలు. అది వినాల్సిన చెవులు రెండూ సీటు చేతికి తగిలించిన హెడ్‌ఫోను పక్కన, మూరెడు దూరంలో ఉండిపోయాయి. సగం ఇంజనీరు లేచి వెళ్ళి ఆయన చెవులకి బలవంతాన తగిలిద్దామనుకున్నాడు. అత్త అతని చొక్కా పట్టుకుని కూర్చోబెట్టింది.

ఆట అయ్యాక పెరట్లో బెంచీ దగ్గర గోల. ఆస్పత్రిలో ఫోన్లు కలిపే అమ్మాయి, పుట్టుకతో చూపు లేదు, నోరు మాత్రం ఇద్దరికి సరిపడా ఉంది, టీ గ్లాసు పక్కన పెట్టి విరుచుకుపడింది.

"ఏంటత్తా ఇవాళ? ఆ పిల్లాణ్ణి చంపేశావేంటి?"

"నేను చంపలేదే. బొమ్మలోనే చచ్చాడు."

"బొమ్మలో చస్తే మాత్రం? ఇన్నాళ్ళూ బానే బతికించుకొచ్చావు కదా!"

అత్త చేతిలో గ్లాసు ఆగింది. "నీకు తెలుసా?"

"భలేదానివి. వెనక సంగీతం గుండెలు బాదుకుంటుంటే నువ్వేమో చుట్టాలింటికి వెళ్ళాడంటావు. తెలీదా మాకు? ఆరుగురికీ తెలుసు. బావుంటుందని ఊరుకున్నాం."

"మరి మాస్టారు?"

ఫోనమ్మాయి గ్లాసు మళ్ళీ చేతిలోకి తీసుకుంది. "ఆయన నమ్మేవాడత్తా," అంది. "ఒకసారి నేను అనుమానంగా ఏదో అంటే నామీద కేకలేశాడు. చెల్లెమ్మ కళ్ళారా చూసి చెబుతుంటే నీకేంటే అన్నాడు."

మాస్టారు అప్పటికే గేటు దాటిపోయారు. పేట వీధిలో ఆయన కర్ర చప్పుడు కాసేపు వినబడింది. అత్త గ్లాసు కడిగి బోర్లించి, ఏడుపు గదిలోకి వెళ్ళి, స్టూలు మీద వేలాడుతున్న కేను ముక్కని లోపలికి దోపింది. స్టూలు సగం అల్లి ఉంది. పూర్తి చెయ్యడానికి మాస్టారు మళ్ళీ రాలేదు.

బుధవారం మధ్యాహ్నం సగం ఇంజనీరు ఆస్పత్రికి వెళ్ళాడు. ఆరు మంచాల గది, కిటికీ పక్క మంచం. పక్క మంచం ఆవిడకి ఇద్దరు కోడళ్ళు అటూ ఇటూ కూర్చుని కాళ్ళు పడుతూ దెబ్బలాడుకుంటున్నారు. అత్త మంచం దగ్గర ఉన్నది ఒక నీళ్ళ సీసా, ఒక రూళ్ళ పుస్తకం. మాట ఎక్కువ వాడొద్దన్నారని, రేపటినుంచి రాయడం అలవాటు చేసుకోమని నర్సు ఇచ్చింది. మొదటి పేజీలో 'దాహం', 'నొప్పి', 'లైటు తియ్యండి' అని ముందే రాసి పెట్టుకుంది. ఇంకో పేజీలో పేటలోవాళ్ళ వరసలు రాసుకుంది. మాట లేకపోతే ఎవరినీ పిలవక్కర్లేదని, పుస్తకం తిప్పి చూపిస్తానని నవ్వబోయింది. దగ్గు వచ్చింది.

"మాస్టారు ఏమైనా అన్నారా?" అంది, గుసగుసగా.

"లేదు. ఇంటికెళ్ళాను. తలుపు తియ్యలేదు. లోపల రేడియో మోగుతోంది."

"నా సంగతి చెప్పావా?"

"తలుపు తీస్తే కదా. తీసినా చెప్పేవాణ్ణి కాదు. ఒట్టేసి చచ్చాను."

అత్త తల ఆడించింది. చాలాసేపు కిటికీ బయట నీళ్ళ ట్యాంకు చూసింది. కింద పార్కింగులో ఎవరో వ్యాన్ వెనక్కి తీస్తున్నారు, ఎవరో 'రానీ రానీ' అని అరుస్తున్నారు. సగం ఇంజనీరు కాళ్ళు ఊపుతూ కూర్చున్నాడు. అతనికి ఆస్పత్రిలో ఏం మాట్లాడాలో తెలియదు. తెలియనప్పుడు నోటికొచ్చింది అనేస్తాడు.

"నీ గొంతు పోయినా నా దగ్గర ఉందత్తా. నేనొచ్చినప్పటినుంచి చెప్పినవన్నీ మిషన్లో రికార్డయ్యాయి. నలభై మూడు సినిమాలు. ఫోనమ్మాయి నిరుడే అడిగింది, పాతవి నెలకొకటి మళ్ళీ వేసి వినిపించమని. నువ్వు లేకపోయినా నువ్వే చెబుతావు."

అన్నాక అతనికి అర్థమైంది. అత్త మొహంలో రక్తం లేదు.

"నలభై మూడా?" అంది.

"ఊఁ."

"అన్నిట్లో ఉందా? చివర?"

"చావున్న వాటిలో ఉంది. ఇరవై చిల్లర."

అంటే మాట పోయాక కూడా ఆ అబద్ధం ఆవిడ గొంతుతోనే నెలనెలా చెబుతుంది. ఇంకో మాస్టారు ఎక్కడో ఒక మంచం పక్కన కూర్చుని, చల్లబడుతున్న చెయ్యి పట్టుకుని, జ్వరం దిగింది అనుకుంటాడు. ఆవిడ వచ్చి కాదని చెప్పడానికి ఉండదు. మెడలో కన్నం ఉంటుంది.

"చెరిపేస్తాను, ఇవాళే," అన్నాడు అతను.

అత్త చెయ్యి అడ్డం ఊపింది. పడక మీద కొంచెం పైకి జరిగింది. నీళ్ళు తాగింది. నర్సు గుమ్మంలోంచి మాట్లాడొద్దని సైగ చేస్తే, వెళ్ళమని చెయ్యి విసిరింది. తరవాత ఒక్కో మాటకీ ఆగుతూ, ఊపిరి కూడదీసుకుంటూ, మాటకీ మాటకీ మధ్య సందులో పక్క మంచం కోడళ్ళ గొడవ వినబడుతుండగా, చెప్పింది.

"చెరపొద్దురా. వాళ్ళకి ఇంకేం ఉంది వినడానికి? నా గొంతు ఉండనీ. ఎక్కడ అబద్ధం మొదలైందో అక్కడ కొయ్యి. అక్కణ్ణించి నువ్వు చెప్పు. నీ గొంతుతో. నీకు ముద్దుగా చెప్పడం రాదు, అదే కావాలి. చచ్చినవాణ్ణి చచ్చాడు అను. ఇరవై చిల్లరా చెయ్యి, ఎన్ని నెలలు పట్టినా సరే. ముందు ఆ ముసలావిడది చెయ్యి. చేసి మాస్టారింటికి పట్టుకెళ్ళు. నేను పంపానని చెప్పకు. తలుపు తీసేదాకా మెట్ల మీద కూర్చో. ఊపిరి ఆగిన చోట ఆగిందని చెప్పు, చెయ్యి చల్లబడితే ఎందుకు చల్లబడిందో చెప్పు. ఆ తరవాత ఇంకేం చెప్పకు. గడియారం చప్పుడు ఉంటుంది చూడు, అది ఎంతసేపుంటే అంతసేపు వదిలెయ్. చాలకపోతే ఇంకాస్త అతికించు. ఆయన అప్పుడు ఆవిడతో ఏదన్నా మాట్లాడుకుంటాడేమో. నువ్వు వినకు. లేచి బయటికొచ్చి నిలబడు."